మా పాలరాయి గట్టు

మా ఇల్లు కట్టిన మేస్త్రి పోయారు. నెక్కొండ నుంచి బియ్యం తెచ్చే మనిషి మొన్న మూట దించుతూ ఆ మాట చెప్పాడు. "అయ్యో" అన్నాను. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే, ముందు నా బండారమే బయటపడేలా ఉంది. పడనివ్వండి.

ముప్పై ఏళ్ళ కిందట మా మామగారు మట్టెవాడలో ఈ ఇల్లు కట్టించారు. నిలబడి వండుకునే గట్టు అప్పటికి మా వీధిలో ఎవరింట్లోనూ లేదు. ఎత్తెంత పెట్టాలో మామగారు చెప్పబోతే మేస్త్రి వినలేదు. నన్ను పిలిచి, చేతికి గిన్నె ఇచ్చి, "కలుపుర్రమ్మా" అన్నారు. ఉత్త గిన్నెలో గరిటె తిప్పుతూ సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నా మోచేతి దగ్గర దారం వేలాడదీసి కొలుచుకున్నారు. ఆ కొలత పుణ్యమా అని ఇన్నేళ్ళలో వంటింట్లో నడుం నొప్పి అన్నది ఎరగను. రాయిని మాత్రం ఎప్పుడూ తడిపే చూసేవారు. "ఎండిన రాయి జూసి మురవొద్దమ్మా" అనేవారు.

గట్టు మీదికి మూడు ముక్కలు తెచ్చారు. ఒకటి షాబాదు బండ, ఒకటి మన దగ్గర దొరికే నల్లరాయి, ఇంకొకటి తెల్లటి పాలరాయి. పొద్దున్నే పెరట్లో పెట్టి, ఒక్కోదాని మీద చింతపండు పులుసు పోసి, నిమ్మచెక్క బోర్లించారు.

"సాయంత్రం కడిగి జూడుర్రమ్మా. ఏది మంచిగుంటె అది మామగారికి చెప్పుర్రి. వండేది మీరు, నేను గాదు గద" అని గోడ పనికి పోయారు.

నాకు ఆ పరీక్షతో పనేముంది? హైదరాబాదులో మా అక్క వంటింట్లో పాలరాయి గట్టుంది. ఆవిడ వచ్చి మా నల్లగట్టు చూసి మూతి విరవడం అప్పటికే నా కళ్ళకు కట్టింది. సాయంత్రం కడిగాను. షాబాదు బండ వెలిసింది. పాలరాయి మీద నిమ్మచెక్క ఆనిన మేరా నునుపు పోయి గుండ్రంగా మచ్చ పడింది. నల్లరాయికి ఏమీ కాలేదు. కళ్ళారా చూశాను. చూసి, పాలరాయి ముక్కను బోర్లించి, మామగారి దగ్గరికి వెళ్ళాను.

"పాలరాయే మంచిగుంది మామయ్యా. మేస్త్రి పరీక్ష గూడ జేసిండు" అన్నాను.

మేస్త్రి వచ్చి ఆ ముక్కను తిప్పి, మచ్చ మీద బొటనవేలితో రాసి చూశారు.

"జర మళ్ళొక్కపారి జూద్దామా అమ్మా?"

"అవసరం లేదు మేస్త్రీ. నేను జూసిన గద!" అన్నాను కటువుగా.

ఆయన ఆ పాలరాయే తెప్పించారు. గట్టును మాత్రం అతుకు కనపడకుండా వేశారు.

ఆరు నెలలు తిరక్కుండానే గట్టంతా మచ్చలు. మామగారు మేస్త్రిని పిలిపించి, చుట్టాలందరి ముందు నిలబెట్టి కడిగేశారు.

"ఇదేం రాయయ్యా? పరీక్ష జేసిననంటివి గద!"

నేను తలుపు పక్కనే ఉన్నాను. మేస్త్రి ఒక్కసారి నా వైపు చూశారు. నేను పైట సర్దుకున్నాను.

"నేనే సరిగ జూడలేదయ్యా" అన్నారాయన.

మా చిన్నమామగారి ఇల్లు కూడా ఆయనే కట్టాల్సింది. ఆ పని ఇంకొకరికి పోయింది. కొత్త కోడలిని, నోరెలా విప్పుతానని నాకు నేను చెప్పుకున్నాను. కోడలు పాతబడింది గానీ నోరు మాత్రం పెగల్లేదు.

నిన్న నెక్కొండలో ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన కోసం పెట్టిన ప్రార్థన అయిపోయినా జనం ఇంకా చాపల మీదే ఉన్నారు. మేస్త్రి భార్య నన్ను గుర్తుపట్టి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"అందరిండ్లల్ల మంచిగ జేసిండమ్మా. ఒక్క మీ ఇంట్లనే తప్పు జేసిన అన్నడు. సచ్చేదాంక గదే రంది, గదే బాధ. మనసుల వెట్టుకోకుర్రి."

అంటే కట్టుకున్న మనిషికి కూడా ఆయన నిజం చెప్పలేదు. ఆమె నన్ను క్షమించమని అడుగుతోంది! నా మీద నాకే అసహ్యం వేసింది. మచ్చ చూశానని, దాచానని, ఆయన పేరు అడ్డం పెట్టుకున్నానని గొణుగుతూ చెప్పేశాను.

ఆమె నా చేతులు వదల్లేదు. పెద్దకొడుకు వైపు తిరిగి, "ఓ కొడకా, ఇటు రా. మీ నాయన తప్పు జెయ్యలేదట" అంది. తర్వాత నాతో, "మళ్ళ చెప్పుర్రమ్మా. జర గట్టిగ. అందరికి ఇనవడాలె" అంది.

చాపల మీది మాటలు ఆగిపోయాయి. లోపలి ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నేను గొంతు సవరించుకున్నాను. ఆమె పట్టు ఇంకా బిగించింది.