సముద్రం అవతలి కంపెనీ

మా బాబాయి కోర్టు సమన్లు అందించే ఉద్యోగి. ఆయన్ని చూసి నవ్వే మొహాలు ఊళ్లో తక్కువ. గుమ్మంలో ఆయన నీడ పడితే చాలు, ఇంటాయన ఉన్నపళంగా ఊరెళ్లిపోతాడు, ఇంటావిడకి చెవుడు వస్తుంది. పరాయి గుమ్మాల్లో నిలబడి నిలబడి ఈయన సొంతింట్లోకి రావాలన్నా బెల్లు కొట్టి పేరు చెబుతాడని పిన్ని నవ్వుతుంది. ఉత్త మాట కాదు, నేనూ విన్నాను.

ఈ పనిలో చాలామంది వేషాలు వేస్తారు. పార్సిలు తెచ్చామంటారు, కరెంటు మీటరు చూడాలంటారు. బాబాయి మాత్రం అబద్ధమాడడు. కాగితం ఎలా అందించాడో తర్వాత కోర్టులో ప్రమాణం చేసి చెప్పాలి, చెప్పేటప్పుడు నాలుక తడబడకూడదంటాడు. నిజం చెప్పి కూడా మనిషిని బుట్టలో వెయ్యొచ్చని ఆయన నమ్మకం.

ఆ నమ్మకానికి పరీక్ష పిల్లల బండి కేసులో వచ్చింది. మా పై వాటాలో బట్టలు కుట్టే అక్క బాబుని కూర్చోబెట్టి తోసుకెళ్లడానికి ఒక విదేశీ కంపెనీ బండి కొంది. బ్రేకు వేసి, తలుపు తాళం తీస్తుంటే, అది వాలులో జారిపోయి గోడకి గుద్దుకుంది. బాబు చెయ్యి విరిగింది. బ్రేకు భేషుగ్గా ఉంది, తప్పంతా తల్లి అజాగ్రత్తదే అంది కంపెనీ. చెయ్యి అతుక్కుంది గానీ ఆ మాట అక్క మనసులోంచి పోలేదు. కేసు వేసింది. అలాంటి బండే మా పాపకీ ఉంది. పొడి వాలు మీద, తడి వాలు మీద, బియ్యం మూట పెట్టీ, పెట్టకుండానూ దాన్ని పరీక్షించాను. మూట పెట్టిన ప్రతిసారీ జారింది. అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా చక్రం కింద పెట్టడానికి ఒక ఇటుక మోసుకెళ్తున్నాను.

తీరా చూస్తే కేసు విచారణకే రాలేదు. కంపెనీ ఉన్నది సముద్రం అవతల. సమన్లు రెండు ప్రభుత్వాల చేతులు మారి వెళ్లాలి. మొదటిసారి తమ భాషలోకి తర్జుమా లేదని అక్కడివాళ్లు తిప్పి పంపారు. తర్జుమా చేయించి పంపితే, కంపెనీ వేరే వీధికి మారిందని తిరిగొచ్చాయి. ఇక్కడే వాళ్ల వ్యాపారం నడిచే చోటుంటే, అక్కడి బాధ్యుడికి ఇచ్చినా చెల్లుతుందని జడ్జిగారు చెప్పారు. వచ్చే వాయిదాలోగా అది కూడా జరక్కపోతే కేసు కొట్టేస్తానన్నారు.

ఇక్కడి ఆఫీసు ఊరి నడిమధ్యలోనే ఉంది. బాబాయి ఒకసారి వెళ్లొచ్చాడో లేదో, బోర్డు తీసేశారు. గోడ మీద బోర్డు ఉన్నంత మేర రంగు వెలవకుండా మిగిలింది, పేరు మాత్రం మాయమైంది. మేము బండ్లు చూపిస్తాం అంతే, కంపెనీ ఇక్కడ లేదు అన్నారట.

రెండోసారి నన్నూ, బండిలో మా పాపనీ వెంటబెట్టుకెళ్లాడు. సాక్షిగా ఉండు, నోరు మాత్రం మెదపకు అన్నాడు. వాచ్‌మన్ నా సంచిలో ఇటుక చూసి కంగారుపడ్డాడు.

"అది మీ బండికి బ్రేకు నాయనా" అన్నాడు బాబాయి. ఉన్నమాటే. అతను వేళాకోళం అనుకుని నవ్వి వదిలేశాడు.

కౌంటరు దగ్గరి అమ్మాయితో, కోర్టు నుంచి సమన్లు తెచ్చానని దాచకుండా చెప్పాడు. ఆమె పాఠం అప్పజెప్పినట్టు కంపెనీ ఇక్కడ లేదంది. వెనక అద్దాల గదిలో మేనేజరు ఫోన్లో ఉన్నాడు, తలుపు ఓరగా తెరిచి ఉంది. బాబాయి గొంతు కాస్త పెంచాడు.

"మరి ఆ గదిలో బాబు ఎవరమ్మా?"

"ఆయన... ఊరికే కూర్చుంటారండి."

"అయ్యో పాపం. టై చూసి పెద్ద ఉద్యోగమే అనుకున్నాను."

మేనేజరు ఫోన్ పెట్టేసి బయటికొచ్చాడు. "ఊరికే కూర్చునేవాడిలా కనిపిస్తున్నానా? ఈ దేశం మొత్తానికి కంపెనీ అంటే నేనే."

"మా అమ్మాయి కూడా వింటుంది, ఇంకోసారి చెప్పండి బాబూ" అన్నాడు బాబాయి నన్ను చూపిస్తూ, భక్తిగా. అతను మరింత గట్టిగా చెప్పాడు. కౌంటరు అమ్మాయి తల పట్టుకుంది.

"అయితే ఇది మీదే" అంటూ బాబాయి కవరు కౌంటరు మీద పెట్టాడు. మేనేజరు చేతులు వెనక్కి కట్టేసుకున్నాడు. చెయ్యి తగలకుండా మోచేత్తో కవరుని నెట్టాడు. అది జారి బండిలో మా పాప ఒళ్లో పడింది.

మా పాపకి ఏది ఇచ్చినా కింద పడుతుందో లేదో చూడటమే పని. కవరుని విసిరేసింది. మేనేజరు ఏళ్ల తరబడి పసిపిల్లల సరుకే అమ్మినవాడు. పిల్లలు పడేసింది తీసివ్వడం ఆ చేతికి అలవాటైపోయింది. గబుక్కున వంగి తీసుకున్నాడు, దుమ్ము ఊదాడు, "ఇదిగో బంగారం" అన్నాడు. అప్పుడు తెలిసొచ్చింది చేతిలో ఉన్నదేమిటో. నిప్పు ముట్టుకున్నట్టు దాన్ని పాప చేతిలో పెట్టేశాడు. పాప ఆనందంగా మళ్లీ విసిరింది. చెయ్యి మళ్లీ వంగి తీసుకుంది.

"ఒకసారి చాలు బాబూ" అన్నాడు బాబాయి.

వాయిదా రోజున కంపెనీ లాయరు, ఈ సమన్లు ఇచ్చింది కోర్టు ఉద్యోగి కాదు, పాలు తాగే పిల్ల అని వాదించాడు. జడ్జిగారు బాబాయి ప్రమాణపత్రం పైకి చదివారు. మేనేజరుగారు కంపెనీ తానేనని రెండుసార్లు చెప్పారు. కవరుని వంగి తీసుకుని, దుమ్ము ఊది, ముద్దుగా మాట్లాడారు. వెంటనే మళ్లీ తీసుకున్నారు. జడ్జిగారు ఆ కాగితాన్ని మొహానికి కాస్త అడ్డంగానే పట్టుకుని, ఇందులో అబద్ధం ఏదైనా ఉందా అని మేనేజరుని అడిగారు. అతను తన బూట్లు చూసుకున్నాడు. సమన్లు అందినట్టే అన్నారు జడ్జిగారు. బ్రేకు సంగతి ఇక వింటామన్నారు.

అక్క బయటికి రాగానే చేసిన మొదటి పని, వాలు వరండాలో పిన్ని కాపలా కాస్తున్న మా బండి చక్రం కింద వంగి చూడటం. ఇటుక ఉంది. వెనకే వచ్చిన కంపెనీ లాయరు కూడా వంగి చూశాడు. ఇటుకని చూసి, తలెత్తి, మేనేజరుని చూశాడు.

"సాక్షిగా ఆ ఇటుకక్కూడా సమన్లు ఇవ్వాల్సొస్తుందేమో అమ్మా" అన్నాడు బాబాయి అక్కతో.

"ఇవ్వండి, దానికైతే ఇవ్వడం తేలికే" అంది పిన్ని. "మిమ్మల్ని చూసి ఊరెళ్లిపోదు."

కేసు వేసిన తర్వాత అక్క నవ్వగా చూడటం అదే మొదలు.