పొట్టు కొనని ఇల్లు

మా ముత్తాత మంజీర ఒడ్డు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన గుర్రం దిగితేగాని మెదక్ కచేరీలో పని మొదలయ్యేది కాదని ఇంట్లో చెప్పుకునేవారు. మా తాత కాలానికి గుర్రం పోయింది, దిగే తీరు మిగిలింది. ఆయన మంచం మీంచి లేచినా గుర్రం దిగినట్టే ఉండేది. నేను ఆ ఇంటి మనవరాలిని. ఎనభై దాటిన ఈ వయసులో, మొన్న మెదక్ బస్టాండు దగ్గర ఒక దాణా దుకాణం ముందు ఆటో కోసం నిలబడ్డాను. సంచుల్లో పాతరేసి పులియబెట్టిన మక్కచొప్ప ముక్కలు, పక్కన కందిపొట్టు బస్తాలు. దుకాణదారు నేను కొనడానికి వచ్చాననుకున్నాడు. "ఒట్టి దాణా పెడితే గిట్టుబాటు కాదమ్మా. గీ పాతర గడ్డి, పొట్టు కలిపి పెట్టుండ్రి, గొర్లు మస్తు బలుస్తయి" అన్నాడు.

మా చిన్నతనంలో పొట్టుకు ధర ఉంటుందని మాకు తెలియదు. కందులు కొట్టగానే పొట్టు, పల్లీలు తెంపగానే వాటి ఎండు తీగ కట్టె రైతుల బండ్లలో కోటలాంటి మా గడి దొడ్డికి చేరేవి. ఎవరూ అడిగేవారు కాదు, ఎవరూ ఇచ్చేవారూ కాదు. వచ్చేవి, అంతే. వాటి మీదే నాయనమ్మ మంద బతికేది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన గొర్రెల సంతానం అది. అంత పెద్ద ఇంట్లో ఆమెది అని చెప్పదగ్గది అదొక్కటే. పొద్దుగూకే వేళ దొడ్డి తలుపు దగ్గర పీట వేసుకుని, అవి నమిలే చప్పుడు వింటూ కూర్చునేది.

రైతుల సంఘం వాళ్లు వెట్టి వద్దన్న ఏడాది బండ్లు తగ్గాయి. తర్వాత రజాకార్ల భయం, ఆ తర్వాత పోలీసు చర్య. మిలిటరీ లారీలు వచ్చాక అంతా మునుపటిలా అవుతుందని తాత నమ్మాడు. మరుసటి ఎండాకాలం దొడ్డి వాకిలి బార్లా తెరిపించి కూర్చున్నాడు. ఒక్క బండీ రాలేదు. బీళ్లలో గడ్డిపోచ లేదు. గొర్రెల పక్కటెముకలు తేలాయి.

చివరికి కౌడిపల్లి వైపు నుంచి మా పాత కౌలుదారు వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు, అట్లాగని చేతులూ కట్టుకోలేదు.

"పటేలా, మా కాడ పొట్టున్నది. పైసలొద్దు. రాత్రిపూట మంద మా చెల్కల ఆపుండ్రి. మాకు ఎరువు, మీకు మేత" అన్నాడు. అంతకుముందు దొరా అన్న నోరది.

"దేశ్‌ముఖ్ గొర్లు నీ చెల్కల పెంట ఏస్తయారా?"

"గొర్లకేమెరుక పటేలా, ఎవని చెల్కనో!" అని నవ్వాడతను.

ఆ నవ్వు తాత ఓర్చుకోలేకపోయాడు. అతని కళ్ల ముందే గుమ్మి తెరిపించి, తొట్ల నిండా జొన్నలు పోయించాడు. నాయనమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది.

"జర నా మాటినుండ్రి. ఎండిన కడుపులకు గింజలు పడయి. మీరడగద్దు, పొట్టు నేనే అడుగుత."

"ఈ ఇంటి ఆడది పొట్టు అడుక్కుంటదా?" అన్నాడు తాత.

ఆకలి మీదున్న గొర్రెలు ఎగబడి తిన్నాయి. మర్నాటికి పొట్టలు ఉబ్బి, పళ్లు కొరుకుతూ గోడవారన పడ్డాయి. నాయనమ్మ ఒక్కొక్కదాని పొట్ట ఆముదంతో నిమురుతూ కూర్చుంది. నాలుగు తప్ప అన్నీ ఆమె చేతి కిందే పోయాయి.

మా పరువు గురించి నేనీ రోజుకీ తలవంచుకుని మాట్లాడను. కానీ ఊరికే వచ్చినదానికి వెల పుట్టిన రోజే మా కాలం అయిపోయింది. అది తెలిసేసరికి చెప్పడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

బతికిన నాలుగు గొర్రెలను సంతలో అమ్మారు. చచ్చినవాటి తోళ్లను వ్యాపారి దొడ్డి వాకిట్లోనే కొనుక్కుపోయాడు.