క్యారీ ఆన్ బాబాయి

మా బాబాయికి వచ్చిన ఇంగ్లీషంతా ఒక్క ముక్క: "క్యారీ ఆన్". ఆ ఒక్క ముక్కతోనే ఆయన దుకాణం నడిపాడు, సంసారం ఈదాడు, ఎదురుపడ్డ ప్రతివాడి చేతా తిట్లు తిన్నాడు.

బాబాయి దర్జీ. మా అందరి ఇల్లూ ఒకటే, అందులో ముందుగది ఆయన దుకాణం. ఓసారి కోటు సరిచూసుకోవడానికి ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడట. ఆయన ఫోన్లో మాట్లాడుతుంటే బాబాయి మర్యాదకి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసరు "క్యారీ ఆన్" అన్నాడు. "అంటే ఏంటండీ?" అని బాబాయి అడిగాడు. "మొదలెట్టిన పని ఆపకు అని." అంతే, ఆ మాట బాబాయి నోటికి బొత్తాంలా కుట్టుకుపోయింది.

ప్యాంటు పొట్టిదైందని ఒకాయన దుకాణం మీదికొచ్చాడు.

"ఇది ప్యాంటా, నిక్కరా? కళ్లెక్కడ పెట్టుకుని కుట్టావయ్యా?"

"క్యారీ ఆన్ సార్," అన్నాడు బాబాయి, మడత విప్పుతూ.

ఆయన రెచ్చిపోయి తాతముత్తాతల దాకా వెళ్లాడు. ఆపైన తిట్లు దొరకలేదు. మంచినీళ్లడిగి తాగి, చొక్కాకి కూడా కొలతలిచ్చి వెళ్లాడు.

పళ్ల డాక్టరు దగ్గర ఇంకా ఘోరం. "నొప్పిగా ఉందా, ఆపేయనా?" అని పాపం ఆయన అడిగితే, బాబాయి నోటి నిండా దూదితో "ఆఈ ఆన్" అన్నాడు. డాక్టరు ఉత్సాహంగా పక్క పన్ను కూడా పీకేశాడు.

మా పిన్నికి మాత్రం ఒళ్లు మండేది. "శుభ్రంగా తెలుగులో కానివ్వండి అని ఏడవొచ్చుగా?"

"కానివ్వండి అంటే తొందరగా తెమల్చమన్నట్టు ఉంటుందే. క్యారీ ఆన్ అంటే, నీకెంతసేపు పట్టినా నేనిక్కడే ఉంటానని."

"అబ్బో, బయల్దేరాడండీ పండితుడు!"

"క్యారీ ఆన్."

మా అక్కకి నత్తి. మాట గొంతులో ఆగిందంటే చాలు, ఎదుటివాళ్లు తామే పూర్తి చేసేసేవాళ్లు. ఆమె "పె..." అనగానే వీధి చివరి కొట్టువాడు పెన్ను చేతిలో పెట్టేవాడు. ఆమెకి కావలసింది పెన్సిలు. మా ఇంట్లో ఒక సొరుగు నిండా పెన్నులే.

అలాంటి అక్కకి టీచరు కావాలని కోరిక. రెండు బళ్లవాళ్లు "నత్తితో పాఠమేం చెబుతావమ్మా" అని పంపేశారు. మూడో బడివాళ్లు, ఐదో తరగతి పిల్లలకి ఒక ఇంగ్లీషు పాఠం చెప్పి చూపించమన్నారు. ఇది కూడా పోతే చిట్టీలు రాసుకుంటూ బాబాయి గల్లాపెట్టె దగ్గరే కూర్చుంటానని అక్క తేల్చి చెప్పేసింది.

"ఏ పాఠం చెబుతావే?" అని నాన్న అడిగాడు.

"క్యా... క్యారీ ఆన్. పుట్టి బుద్ధెరిగాక నేను బాగా నే... నేర్చుకున్న ఇంగ్లీషు అదొక్కటే."

ఆ బడి పిల్లల యూనిఫారాలు కుట్టేది బాబాయే. అందుకని ఆ రోజు ఆయనా నేనూ బట్టల మూటలు మోసుకుని వెళ్లి, తరగతి కిటికీ పక్కన నక్కాం. లోపల వెనక బెంచీలో హెడ్మాస్టరమ్మ, పక్కన బడి కార్యదర్శి. ఆయన అప్పటికే వాచీ చూసుకుంటున్నాడు.

అక్క లేచి బోర్డు వైపు తిరగబోయి, ముందు పిల్లలతో మాట్లాడదామనుకుంది. "పిల్లలూ, ఈ రోజు మనం క్యా... క్యా..."

మాట ఆగిపోయింది. కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "అను బాబాయ్, ఇప్పుడు అను!" అని నేను ఆయన్ని పొడిచాను. ఆయన కదల్లేదు.

"క్యారీ ఆన్, టీచర్!" అంది ముందు బెంచీ పిల్ల.

"క్యారీ ఆన్! క్యారీ ఆన్!" అంది తరగతంతా.

అక్క నవ్వేసింది. నవ్వుతూనే పాఠం చెప్పింది. ఆగినప్పుడల్లా పిల్లలు ఆ మాటే అన్నారు, ఆమె మళ్లీ అందుకుంది.

హెడ్మాస్టరమ్మ కళ్లజోడు తీసేసింది. "పాఠం మొదలవకముందే పిల్లలకి అర్థం తెలిసిపోయింది, ఎక్కడ వాడాలో కూడా తెలిసిపోయింది! నా సర్వీసులో ఇలాంటి క్లాసు చూళ్లేదమ్మా. రేపే వచ్చి చేరు."

అంతకుముందు వారమంతా ఆ బళ్లో యూనిఫారాల కొలతలు తీస్తూ, కబుర్లు చెబుతూ మధ్యలో ఆగిన ప్రతి పిల్లతోనూ బాబాయి ఆ మాట అన్నాడని నాకప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక అక్క ఆయన్ని నిలదీసింది. "ని... నిజం చెప్పు బాబాయ్. ఇదంతా నా కోసమేనా?"

బాబాయి సూదిలో దారం ఎక్కిస్తూ గొణిగాడు. "నీ ఒక్కదానికే అంటే నత్తి కోసం అంటున్నానని నీకు తెలిసిపోదూ? అందుకని అందరికీ అన్నాను. పిచ్చోడనుకున్నారు, అనుకోనీ."

"అంటే దీని కోసం పన్ను కూడా పీకించుకున్నారా!" అని అరిచింది పిన్ని.

"అది మాత్రం అలవాటులో జారిపోయిందే."

పిన్ని ఆయన్ని గట్టిగా ఏదో అనబోయింది. ఏడుపొచ్చి మధ్యలో ఆగింది. మా ఇంట్లో అలాంటి వింత అదే మొదలు.

అక్క ఆమె వైపు తిరిగింది. "క్యా... క్యా..."

మేమెవ్వరం అందించలేదు. కొట్టువాడు ఉన్నా ఆ పూట నోరు మూసుకునేవాడే.

"...రీ ఆన్, పిన్నీ!"

పిన్ని కళ్లు తుడుచుకుని అందుకుంది. వంట చల్లారిపోయేదాకా బాబాయిని తిడుతూనే ఉంది. ఆయన మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోతూ కూర్చున్నాడు.