కన్నబాబు రాసిన అర్జీ

అండమాన్‌లోని గరాచర్మలో ఆ వీధంతా కొత్త పద్ధతులవాళ్లే. పాత కట్టుబాట్ల పక్షాన మిగిలింది చేపలవేట కన్నబాబు ఒక్కడే. విరిగిన కళ్లజోడును వలతాడుతో చెవికి కట్టుకుని, టీకొట్టు బల్ల చరుస్తూ "ఆడోళ్లకి సంఘమేటి భయ్యా?" అని రోజూ వాదిస్తాడు.

మత్స్యకార సంఘంలో ఆడవాళ్లనూ చేర్చుకోవాలని పక్కింటి ప్రమోద అర్జీ పెట్టబోయింది. ఆమెకు తెలుగు మాట్లాడటమే వచ్చు. వీధిలో రాయగలిగినవాడు కన్నబాబే. "నీ అర్జీకి నేను ఉల్టా. అయినా రాత సీదాగా ఉండాలమ్మా" అంటూ కూర్చుని, నాలుగు కాగితాలు చింపి, ఆమె చెప్పని కష్టాలు కూడా చేర్చి రాసిచ్చాడు. సమావేశంలో అది చదివాక ఔనంటూ చేతులన్నీ లేచాయి. తర్వాత కాదంటూ లేచింది కన్నబాబు చెయ్యొక్కటే. ఎత్తిన చెయ్యి దించకుండానే, రెండో మోచేత్తో పక్కవాణ్ణి పొడిచి, "ఎలగ రాసాను? ఎవడైనా కాదనగలడేటి?" అన్నాడు.