రెడ్డిగూడెం రోడ్డులో ముప్పై ఒక్క మిల్లీమీటర్లు

నా బండి ముందుభాగం అంగుళం కిందికి దిగి ఉంటుంది. పోయినేడాది మా ఆవిడ సుజాత బండి నేర్చుకుంటానంటే, కాళ్లు నేలకి అందాలని నేనే దించించాను. నూజివీడు మెకానిక్కు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాలను క్లాంపుల్లోంచి పైకి జరిపి బిగించి, అందుకు తగ్గట్టు వెనకవైపూ తగ్గించాడు. ఆ సాయంత్రం ఇంటి ముందు ఆమెను కూర్చోబెట్టి ఫోర్కు ఎంత అణుగుతోందో కొలిచాను. "వానలు తగ్గాక నడుపుదువుగానిలే" అన్నాను. వానలు తగ్గకముందే జ్వరంతో ఆసుపత్రిలో చేరింది, తిరిగి రాలేదు. అప్పటినుంచి నేనొక్కణ్ణే నడుపుతున్నాను. గుంట వస్తే చాలు, నా బరువుకి ఫోర్కు ధన్‌మని అడుగంటుతోంది. పాత ఎత్తుకి పెట్టించి అమ్మేస్తే మనసు కుదుటపడుతుందనుకుని, మార్చి ఆఖరులో ఒక శనివారం బయల్దేరాను.

విజయవాడలో ఆరున్నరకి కదిలి, ఆగిరిపల్లిలో ఇడ్లీ, టీ ముగించి (నలభై ఐదు రూపాయలు), ఎనిమిదిన్నరకల్లా నూజివీడు చేరాను. పెట్రోలు రానూపోనూ మూడొందలకి మించదు. ఫోర్కు అడుగంటుతోందని చెబితే మెకానిక్కు బండి చుట్టూ తిరిగి, "ఫోర్కు ఆయిలు తెప్పించాలండీ, రెండింటికి రండి. ఈలోగా రెడ్డిగూడెం వైపు మామిడితోటలు చూసి రాకూడదూ? పురుగు పట్టకుండా కాయలకి కవర్లు కడుతున్నారు" అన్నాడు. అతను ఎత్తు సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఫోర్కు సరిచేసుకునేవాళ్లకి పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ఫోర్కు గొట్టానికి ఒక ప్లాస్టిక్ ట్యాగు బిగుతుగా కట్టి, కింద ఆ గొట్టం లోపలికి దిగేచోట ఉన్న రబ్బరుదాకా నెట్టాలి. బండెక్కి, దాన్ని నిటారుగా నిలబెట్టి దిగితే, ట్యాగు ఎంత పైకి జరిగిందో ఫోర్కు అంత అణిగినట్టు. నాకు నలభై నాలుగు మిల్లీమీటర్లు వస్తుంది. సుజాతకి ముప్పై ఒకటి వచ్చింది. ఎక్కడ ఆగినా ట్యాగు చూసుకోవడం, మళ్లీ రబ్బరుదాకా నెట్టడం నాకు అలవాటైపోయింది. అదో పిచ్చి అనేది సుజాత.

పదకొండున్నరకి రెడ్డిగూడెం రోడ్డులో ఒక మట్టిబాట పక్కన బండి ఆపి, ట్యాగు కిందికి నెట్టి, తోటలోకి నడిచాను. అప్పుడు మొదలైంది నాకు భయం. కొమ్మకొమ్మకీ గోధుమరంగు కాగితపు కవర్లు, వేలకొద్దీ వేలాడుతున్నాయి. ఒక్క కాయా కంటికి కనబడదు. గాలి లేదు, పిట్ట లేదు. అయినా ఎక్కడో లోపల కవర్లు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు, ఎవరో గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టు. చెట్లకి నిచ్చెనలు ఆనించి ఉన్నాయి. ఒక చెట్టు కింద పది జతల చెప్పులు వరసగా ఉన్నాయి, మనిషి జాడ లేదు. "ఎవరండీ?" అని కేకేశాను. చప్పుడు ఆగిపోయింది. బోరు దగ్గర ముఖం కడుక్కుని గబగబా వెనక్కి వచ్చాను.

బండి పెట్టినచోటే ఉంది. ట్యాగు మాత్రం పైకి జరిగి ఉంది.

జేబులోంచి స్కేలు తీశాను. రెండుసార్లు కొలిచాను. ముప్పై ఒకటి. నడినెత్తిన ఎండ, నాకేమో చలి. ఆ మట్టిలో కూలబడి, "సుజాతా" అని పైకే పిలిచాను.

"నేనేనండీ, తిట్టకండి," అని చెట్టు వెనకనుంచి వినబడింది. నలభై ఏళ్లుంటాయేమో, పొట్టి ఆడమనిషి, చీర మీద మోచేతులదాకా మగవాళ్ల చొక్కా, ఒడిలో కాగితపు కవర్లు. మట్టి దులుపుకుని లేచి నిలబడ్డాను.

"అందరూ గట్టు అవతల అన్నాలు తింటున్నారండీ. మా ఆయన బండెక్కితే నా కాళ్లు గాల్లోనే ఉంటాయి. ఇది కిందికున్నట్టు కనబడితే, ఎవరూ లేరు కదా అని ఒక్కసారి ఎక్కి చూశానండీ."

"అందాయా?"

"రెండు కాళ్లూ ఆనాయండీ!" అంది. ఆ ముఖంలో వెలుగు చూసి నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది.

రెండింటికి మెకానిక్కు క్లాంపు బోల్టుల మీద స్పానరు పెట్టి, "ఎత్తేద్దామా సార్?" అన్నాడు.

"వద్దండీ. ఎత్తు ఇలాగే ఉండనీయండి. అడుగంటకుండా మాత్రం చూడండి."

స్ప్రింగుల మీద రెండువైపులా ఒకే పొడవు స్పేసర్లు, అంటే చిన్న గొట్టం ముక్కలు, వేసి, ఆయిలు మార్చాడు. గంటన్నర పని, పద్నాలుగొందలు. సుజాతదీ ఆ తోటలో మనిషిదీ బరువు ఒకటే అయ్యుంటుంది, అంతకంటే ఏమీ లేదని దారంతా నాకు నేను చెప్పుకున్నాను. అయినా ఇల్లు చేరేదాకా అద్దంలో వెనక సీటు వైపు చూడలేకపోయాను. బండి అమ్మడం లేదు. ఇంత పిరికివాణ్ణని ఇన్నాళ్లూ నాకు తెలియదు, సుజాతని ఇంతగా వెతుక్కుంటున్నానని కూడా తెలియదు.

చివరగా ఒక్క సలహా. ఫోర్కు దించాక స్ప్రింగు బిగువు తప్పకుండా సరిచేయించండి, ఎవరికోసం దించారో వాళ్లనే కూర్చోబెట్టి కొలవండి. కొలిచిన రోజే తాళం వాళ్ల చేతికివ్వండి, వాన పడుతున్నా సరే.