తాతయ్యకు కట్టిన ముసుగు

మా ఇంట్లో తాతయ్య కథ ఎప్పుడూ ఆయన ఎమ్మెల్యే అయిన రోజు నుంచే మొదలయ్యేది. వేయించిన రోడ్లు, తెప్పించిన హైస్కూలు, ఎదురొచ్చిన వాళ్లందరికీ పెట్టిన దణ్ణాలు. అంతకుముందు ఒక సంస్థానం సైన్యంలో దళాన్ని నడిపారనీ, ఆ సైన్యం ఓడిపోయాక ఉయ్యూరు వచ్చి ఖద్దరు కట్టారనీ ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు. ఓడిన యుద్ధం గురించి ఎవరు మాత్రం గొప్పలు చెప్పుకుంటారు!

ఆయన పోయాక మా ఇంటి ఎదురుగా సెంటర్లో విగ్రహం పెట్టారు. రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన ఎన్నికల్లో, కోడ్ ఉందని నాయకుల విగ్రహాలన్నింటికీ ముసుగులు వేశారు. తాతయ్యకు కూడా తెల్లగుడ్డ కప్పి, మెడ దగ్గర తాడు బిగించారు. పోయిన మనిషి కూడా ఓట్లు అడుగుతాడని భయం కాబోలని నేను నవ్వుకున్నాను.

అమ్మమ్మ మాత్రం ఆ రోజు నుంచి అన్నం ముట్టలేదు. గవర్నర్‌పేటలో నా ఆఫీసుకు సెలవు పెట్టి బస్సెక్కి ఉయ్యూరు వెళ్లాను. వరండాలో కూర్చుని విగ్రహం వంకే చూస్తోంది. పట్టపగలు. గాలికి గుడ్డ నోటి దగ్గర లోపలికి అతుక్కుని మళ్లీ ఉబ్బుతోంది. అచ్చం ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంది.

"ఆ గుడ్డ తీయించవే, చూళ్లేకపోతున్నా" అంది.

నేను వెళ్లి బతిమాలితే మండలాఫీసు నుంచి ఒక అధికారి ఇంటికే వచ్చారు.

"రూలండీ మామ్మగారూ. రాజకీయ నాయకుడు కదా. సైనికుడి విగ్రహమైతే కప్పేవాళ్లం కాదండీ."

నేను వెంటనే అందుకున్నాను. "ఆయన మిలటరీలో కూడా చేశారండీ!"

"అలాగా! అక్కడేం చేశారో చెప్పండి, పైవాళ్లతో మాట్లాడతాను."

నాకేం తెలుసు? అమ్మమ్మ వైపు చూశాను.

"ఊళ్లవాళ్లని పట్టుకొచ్చి మా మకాం పక్కన కొట్టంలో కూచోబెట్టేవారు బాబూ" అంది అమ్మమ్మ. "తలకి గోతాం తొడిగి, మెడ దగ్గర ఇట్టాగే కట్టించేవారు. కిటికీలోంచి చూసేదాన్ని. నోటి దగ్గర గోతాం ఇట్టాగే లోపలికీ బయటికీ ఆడేది. సాయంత్రానికి ఆడేది కాదు."

అమ్మమ్మ అధికారికి చేతులు జోడించింది.

"గాలి తగ్గిపోతోందయ్యా. తొందరగా తీసెయ్యండి."