తిరగేసి ఆడిన ఫ్రెంచి బొమ్మ

ఆ రోజుల్లో మా కొత్తవలసకు డేరా సినిమా వచ్చిందంటే, ఏం బొమ్మ అని అడిగినవాళ్లు తక్కువ. ఏది వేస్తే అదే చూసేవాళ్లం. అలా చూసిందే ఒక ఫ్రెంచి బొమ్మ, నలభై ఆరు వేసవిలో (మా చెల్లెలు నలభై ఏడంటుంది, ఆవిడ లెక్కలెప్పుడూ అంతే). నాకప్పుడు పదకొండేళ్లు. విజయనగరంలో హాస్టల్లో ఉండి హైస్కూల్లో చదవాలని నా ఆశ. "ఇల్లుండగా ఆడగుంటకి సత్రం బతుకేటి?" అని మామ్మ అడ్డం పడింది. మా ఇంట్లో ఆఖరి మాట ఆమెదే. బొమ్మ హాస్టల్లో ఉండే కుర్రాడి కథ అని తెలిసి చిన్నాన్న ఆమెను బయల్దేరదీశాడు. "నీ కళ్లతో నువ్వే సూడమ్మా. ఫ్రెంచి నాకొచ్చు, నాను సెప్తాను" అన్నాడు. (యానాంలో ఒక సీజను బెల్లం అమ్మినంత మేరకు వచ్చు.)

బొమ్మ మొదలవగానే ఒక కుర్రాడు ఏడుస్తూ రోడ్డు వెంట పరుగెత్తి, ఇంటికి చేరి తల్లిని కరుచుకున్నాడు. లాగు చిరిగింది, ముందు పన్ను లేదు. "సూసినావా?" అంది మామ్మ నా వైపు తిరిగి. నా ప్రాణం ఉసూరుమంది. "ఆడినింకా బళ్లో ఎయ్యనేదమ్మా" అన్నాడు చిన్నాన్న ధైర్యంగా. తర్వాత పిల్లలు వరసగా కూర్చుని తిన్నారు, తన్నుకున్నారు, అయ్యవారి చేత చీవాట్లు తిన్నారు. చివర్న తెర మీద పేర్లు పడ్డాయి. ఆ వెనకే అదే కుర్రాడు కొత్త లాగు, కొత్త పెట్టె, నున్నగా దువ్విన తలతో నవ్వుతూ బడి గేటులో అడుగుపెట్టాడు. నోట్లో పన్ను కూడా ఉంది! అంతలో డేరాలో దీపాలు వెలిగాయి.

వరస తప్పితే ఊరుకునే పుట్టుక కాదు నాది. "మామ్మా, రీళ్లు తిరగేసి ఆడించీసినారు! ఆడి పన్ను సూడు, లాగు సూడు!" అని అరిచాను. చిన్నాన్న నా జబ్బ గిల్లి, "నోర్ముయ్యే! నీ సదువు నువ్వే సెడగొట్టుకుంతన్నావు" అని గొణిగాడు.

"నాకు కళ్లు నేవేటే?" అంది మామ్మ. "సిరుగు లాగుతో ఏడిసే గుంటడు. బళ్లో ఏసీసరికి కొత్త లాగొచ్చినాది, ఊడిన పన్నొచ్చినాది. ఇంతకన్నా ఏటి కావాల? ఎల్లి పెట్టె సర్దుకో."

నవ్వుతూనే హాస్టల్ గేటులో అడుగుపెట్టాను. దసరా సెలవులకు చిరుగు పావడాతో ఇంటికొచ్చి, మామ్మను కరుచుకుని ఏడ్చాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఏటే, నీ రీలు కూడా తిరగేసి ఆడతన్నారా?" అంది. అంటూనే పావడా కుట్టింది. సెలవులవగానే తిరిగి పంపింది.

ఇప్పటికీ ఇంట్లో ఎవరు ఏది వరస తప్పి చెప్పినా దిద్దేది నేనే. ఆ ఒక్క బొమ్మ తలపుకొస్తే మాత్రం మామ్మ చూసిన వరసలోనే చూస్తాను: ముందు ఏడుపు, తర్వాత కొత్త లాగు.